12 వోల్టుల అడాప్టర్‌తో 6 వోల్టుల రేడియో, బీపీ మిషన్ నడపొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లెలో ఉంటున్నారు. నాన్నగారి రేడియోకి నాలుగు పెద్ద సెల్లు, అమ్మగారి బీపీ మిషన్‌కి నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి. నెలనెలా సెల్లు కొనీ కొనీ విసిగిపోయారు. పాడైన సెట్‌టాప్ బాక్సు తాలూకు అడాప్టర్ ఇంట్లో ఉంది, దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంది. దాన్ని వీటికి పెట్టొచ్చా, కుదరకపోతే మొబైల్ చార్జర్ పెట్టొచ్చా, ఆంపియర్లు ఎక్కువైతే కాలిపోతాయా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. సెల్లతో నడిచే వస్తువుని అడాప్టర్‌తో నడపొచ్చు. కానీ ఆ 12 వోల్టుల అడాప్టర్‌ని మాత్రం నేరుగా పెట్టకండి. మీ రెండు వస్తువులకీ కావలసింది 6 వోల్టుల డీసీ, అంటే సెల్లు ఇచ్చేలాంటి, ప్లస్ మైనస్ మారని కరెంటు. రేడియోకి 6 వోల్టులు, అర ఆంపియర్ ఇచ్చే మంచి అడాప్టర్ చాలు. బీపీ మిషన్‌కి ఆ కంపెనీవాళ్లు ఆ మోడల్‌కి అమ్మే అడాప్టరే కొనండి, అక్కడ ప్రయోగాలు వద్దు. ఆంపియర్లు ఎక్కువ ఉంటే ఏమీ కాదు. వోల్టులు ఎక్కువైతే పాడవుతుంది, ప్లస్ మైనస్ తారుమారైతే ఇంకా తొందరగా పాడవుతుంది.

నేను రాయగడలో 1998 నుంచి రేడియోలు, టేపు రికార్డర్లు, కీబోర్డులు, సంతలో వాడే ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తున్నాను. తప్పు అడాప్టర్ పెట్టి కాల్చుకున్న వస్తువు నా బల్ల మీదకి రాని నెల లేదు. అందులో చాలావరకు రెండు నిమిషాలు ఆగి వెనక స్టిక్కర్ చదివి ఉంటే బతికేవి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వోల్టుల లెక్క

మామూలు సెల్లు ఒక్కోటి 1.5 వోల్టులు. ఒకదాని వెనక ఒకటి పెడితే కూడుకుంటూ పోతాయి. రెండు సెల్లయితే 3, మూడైతే 4.5, నాలుగైతే 6, ఆరైతే 9. పెద్ద సెల్లైనా పెన్సిల్ సెల్లైనా వోల్టులు ఒకటే. పెద్దది ఎక్కువ రోజులు వస్తుంది, అంతే తేడా.

అయితే కొత్త సెల్లు నిజంగా 1.6 దాకా చూపిస్తుంది. వాడగా వాడగా 1 వోల్టు దగ్గరికి దిగిపోతుంది. అంటే నాలుగు సెల్ల రేడియో 6.4 దగ్గర మొదలుపెట్టి 4 చిల్లర దాకా పలికేలా తయారైందన్నమాట. కిందికి దిగితే గొంతు తగ్గుతుంది గానీ ఏదీ కాలదు. పైకి వెళితేనే చిక్కు. 6 వోల్టుల రేడియోల్లో చాలావాటికి లోపల 10 వోల్టుల దాకానే తట్టుకునే కెపాసిటర్లు (కరెంటుని కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బాలు) పెడతారు. 12 ఇస్తే అవి ఉబ్బి పగులుతాయి, సౌండు ఐసీ (శబ్దాన్ని పెంచే చిన్న చిప్పు) వేడెక్కి పోతుంది.

మొబైల్ చార్జర్ సంగతీ ఇక్కడే తేలిపోతుంది. దాని నుంచి వచ్చేది 5 వోల్టులు. మీ రేడియో దాంతో పలుకుతుంది, కాకపోతే గట్టిగా పెట్టినప్పుడు మాట కొంచెం బొంగురుపోవచ్చు. చార్జింగ్ సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి నాలుగు కలిపినా 4.8 వస్తుంది. ఆ సెల్లతో బాగా నడిచే వస్తువు 5 వోల్టులతోనూ నడుస్తుందని నేను లెక్క వేసుకుంటాను. మూడు సెల్ల వస్తువులకైతే మొబైల్ చార్జర్ ఇంకా బాగా కుదురుతుంది. ప్లస్ తీగలో ఒక 1ఎన్4007 డయోడు (కరెంటుని ఒక వైపే పోనిచ్చే చిన్న భాగం) వరసగా వేస్తే అది దాదాపు 0.7 వోల్టు మింగేసి 4.3 ఇస్తుంది. పిల్లల బొమ్మలకి, చిన్న దీపాలకి నేను చేసేది అదే.

ఆంపియర్లంటే భయం వద్దు

నా దగ్గరకొచ్చేవాళ్లలో సగం మందికి ఉన్న అనుమానమే మీకూ వచ్చింది. పెళ్లిలో గుండిగ నిండా అన్నం ఉంటుంది. విస్తరి ముందు కూర్చున్నవాడు తన ఆకలి మేరకే తింటాడు. గుండిగ పెద్దదని పొట్ట పగిలేలా తినడు. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు ఆ గుండిగలో అన్నం లాంటివి. 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా మీ రేడియో తనకి కావలసిన కొద్దిపాటి మిల్లీ ఆంపియర్లే లాక్కుంటుంది.

తక్కువైతేనే ఇబ్బంది. గుండిగలో అన్నం చాలకపోతే గొడవ ఎలా మొదలవుతుందో ఇదీ అంతే. అడాప్టర్ వేడెక్కుతుంది, వోల్టులు కూలబడతాయి, వస్తువు ఆగి ఆగి నడుస్తుంది. మోటారు ఉన్న వస్తువుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఎందుకంటే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా చాలా ఎక్కువ లాగుతుంది. బీపీ మిషన్లో పంపు ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ప్లస్ మైనస్ దగ్గరే ఎక్కువ వస్తువులు పోయేది

అడాప్టర్ కొసన గుండ్రటి పిన్ను ఉంటుంది కదా. దానికి బయట ఒక గొట్టం, లోపల ఒక రంధ్రం. కొన్నిట్లో లోపలిది ప్లస్, కొన్నిట్లో లోపలిది మైనస్. స్టిక్కర్ మీద చిన్న బొమ్మ వేస్తారు. మధ్యలో చుక్క, దాని చుట్టూ సగం వలయం, అటొక గీత ఇటొక గీత. మధ్య చుక్క నుంచి వెళ్లే గీత చివర ప్లస్ గుర్తుంటే లోపలిది ప్లస్, మైనస్ గుర్తుంటే లోపలిది మైనస్. వస్తువు మీద ఏ బొమ్మ ఉందో అడాప్టర్ మీదా అదే బొమ్మ ఉండాలి.

ఒక కార్తీకమాసంలో భజన బృందం ఒకటి రెండు కీబోర్డులు పట్టుకొచ్చింది. ఒకటి పాత కాసియో, రెండోది యమహా. పాత కాసియో కీబోర్డుల్లో చాలావాటికి 9 వోల్టులు, లోపలి పిన్ను మైనస్. యమహా పీఎస్ఆర్ రకాల్లో చాలావాటికి 12 వోల్టులు, లోపలి పిన్ను ప్లస్. రాత్రి కార్యక్రమం అయ్యాక చీకట్లో సర్దుకున్నారు, మర్నాడు వేరే ఊళ్లో అడాప్టర్లు మారిపోయాయి. పిన్ను చక్కగా పట్టింది, ఎందుకంటే రెండూ ఒకే సైజు. కాసియో మూగబోయింది.

విప్పి చూస్తే సాకెట్ పక్కనే ఉన్న నల్లటి డయోడు నడుము దగ్గర చిట్లి ఉంది. ప్లస్ మైనస్ తిరగబడితే కరెంటు లోపలి ఐసీల దాకా పోకుండా తన మీద వేసుకోవడానికే దాన్ని అక్కడ పెడతారు. అది షార్టై కీబోర్డుని కాపాడింది. రెండు మూడు రూపాయల డయోడు మార్చి, సరైన అడాప్టర్ పెడితే మళ్లీ పలికింది. ఆ బృందం పెద్దాయన అక్కడే బల్ల మీద ఒక కీర్తన వాయించి చూసుకున్నారు. అన్నిసార్లూ అలా జరగదు. చవక బొమ్మల్లో, చవక రేడియోల్లో ఆ డయోడే ఉండదు. వాటిలో ఒక్క సెకను తిరగబడినా ఐసీ పోతుంది.

ఆ రోజు నుంచి కీబోర్డు తెచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చేసిచ్చే పని ఒకటుంది. కీబోర్డు సాకెట్ పక్కన ఒక రంగు టేపు ముక్క, అడాప్టర్ పిన్ను దగ్గర అదే రంగు టేపు ముక్క. చీకట్లో కూడా టార్చి వేస్తే తెలిసిపోతుంది.

స్టిక్కర్ చదవండి, నమ్మడానికి మాత్రం మీటర్ పెట్టండి

పాత రోజుల్లో మనం బ్యాటరీ ఎలిమినేటర్ అనేవాళ్లం, గుర్తుందా? నల్లటి బరువైన డబ్బా, మీద 3, 4.5, 6, 7.5, 9, 12 అని జరిపే స్విచ్చి, కొసన సాలీడు కాళ్లలా నాలుగైదు రకాల పిన్నులు. ఇప్పటికీ మన సంతల్లో దొరుకుతుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడులు, ఒక కెపాసిటర్, అంతే. వోల్టుల్ని పట్టి ఉంచే సర్క్యూట్ అందులో లేదు. కాబట్టి దాని మీద రాసిన అంకె పూర్తి లోడు మీద, అంటే వస్తువు నిండుగా కరెంటు లాగుతున్నప్పుడు వచ్చేది. లోడు లేనప్పుడు కెపాసిటర్ 1.4 రెట్ల దాకా నిండుతుంది. 12 దగ్గర పెట్టి మీటర్‌తో చూడండి, 16 పైన చూపిస్తుంది.

దుకాణం పెట్టిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. ఒక కాలేజీ కుర్రాడి చిన్న టేప్ ప్లేయర్, రెండు పెన్సిల్ సెల్లది. టెస్ట్ చేయడానికి సెల్లు లేక ఎలిమినేటర్ 3 దగ్గర పెట్టి తగిలించాను. పాట పరుగెత్తినట్టు వచ్చింది, పది సెకన్లలో కాలిన వాసన. తర్వాత మీటర్ పెడితే 5 వోల్టుల పైన ఉంది. ఆ ఐసీ విజయనగరం నుంచి తెప్పించి వేసిచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఆ అబ్బాయి రోజూ సాయంత్రం వచ్చి అడిగేవాడు. ఆ తర్వాత మీటర్ పెట్టకుండా ఏ అడాప్టర్‌నీ ఏ వస్తువుకీ తగిలించలేదు.

ఎలిమినేటర్‌కి ఇంకో జబ్బుంది. పక్కన జరిపే స్విచ్చి చాలా వదులుగా ఉంటుంది. చీపురు తగిలినా, పిల్లలు ఆడుకున్నా 6 కాస్తా 12 అయిపోతుంది. వాడక తప్పకపోతే స్విచ్చి సరైన చోట పెట్టి దాని మీద గట్టి టేపు చుట్టేయండి.

ఇప్పటి తేలికపాటి అడాప్టర్లు వేరు. వాటిని ఎస్ఎంపీఎస్ అంటాం. లోడు ఉన్నా లేకపోయినా రాసిన వోల్టులకి దగ్గరగానే ఇస్తాయి. ఇన్‌పుట్ 100-240 అని రాసి ఉన్నదైతే మన పల్లెల్లో సాయంత్రంపూట కరెంటు 160, 170కి పడిపోయినా అవుట్‌పుట్ మారదు. పాత ఎలిమినేటర్‌కి ఆ శక్తి లేదు, ఇంటి కరెంటు పడితే అదీ పడుతుంది. కొనేటప్పుడు ఈ కొత్త రకమే కొనండి.

మీటర్ పెట్టడం కష్టమేమీ కాదు. మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర తిప్పి, ఎర్ర ముల్లు పిన్ను లోపలి రంధ్రంలో, నల్ల ముల్లు బయటి గొట్టానికి ఆనించండి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. అంకె ముందు ఏ గుర్తూ లేకపోతే లోపలిది ప్లస్. అంకె ముందు మైనస్ వస్తే లోపలిది మైనస్. వోల్టులూ, ప్లస్ మైనస్‌లూ రెండూ ఒకేసారి తేలిపోతాయి. మీటర్ లేకపోతే మీ ఊళ్లో వైరింగ్ చేసే ఎవరినడిగినా చూసిపెడతారు.

అడాప్టర్ స్టిక్కర్ మీద అవుట్‌పుట్ దగ్గర అల లాంటి గీత ఉంటే అది ఏసీ, అంటే గోడ ప్లగ్గులోలా దిశ మారుతూ ఉండే కరెంటు ఇచ్చే అడాప్టర్. పాత మోడెములకి, కొన్ని స్పీకర్లకి అలాంటివి వచ్చేవి. దాన్ని సెల్ల వస్తువుకి ఎప్పుడూ పెట్టొద్దు. పైన నిండు గీత, కింద చుక్కల్లాంటి గీత ఉంటే డీసీ. మనకి కావలసింది అది.

రేడియోకి సాకెట్ లేకపోతే

నాన్నగారి రేడియో వెనక అడాప్టర్ పెట్టే రంధ్రం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మంచిదే. లేకపోతే కట్టె సెల్లు, అంటే సెల్లు చోట పెట్టే కట్టె ముక్కలు చేసుకోవచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన పని, కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

ముందు రేడియోలో నాలుగు మంచి సెల్లు పెట్టి మీటర్‌తో సెల్లపెట్టెలోని రేకుల మీద వెతకండి. ఏ రెండు రేకుల మధ్య 6 వోల్టుల పైచిలుకు చూపిస్తుందో అవే కొసలు. ఒకటి ప్లస్ కొస, ఒకటి మైనస్ కొస. మిగతా రేకులు సెల్లని ఒకదానికొకటి కలపడానికే. ఆ రెండు చోట్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని సెల్లు తీసేయండి.

పెద్ద సెల్లు దాదాపు 34 మిల్లీమీటర్ల లావు, 61 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పాత పార పిడి సరిగ్గా ఆ లావుకి దగ్గరగా ఉంటుంది. రెండు ముక్కలు కోసి, ఒక్కో ముక్క ఒక కొసన ఇత్తడి మర బిగించండి. ఇనుప మర వద్దు, వానాకాలంలో తుప్పు పట్టి తాకడం మానేస్తుంది. మర తల కింద తీగ చుట్టి బిగించి, ముక్క పొడవునా కత్తితో చిన్న గాడి కోసి తీగని అందులోంచి బయటికి తీసుకురండి. ఒక ముక్క మర ప్లస్ కొస రేకుకి, రెండోదాని మర మైనస్ కొస రేకుకి తగలాలి. మిగతా రెండు సెల్ల చోటు ఖాళీగా వదిలేయండి. ప్లస్ ముక్కకి ఎర్ర రంగు పూయండి, తర్వాత ఎవరు తీసి పెట్టినా తికమక పడరు.

గుణుపురం నుంచే వచ్చిన ఒక పెద్దాయన రేడియోకి ఇలా చేసిచ్చాను. రేడియో విప్పలేదు, ఒక్క చోట కూడా సోల్డరింగ్ చేయలేదు. ఆయనకి బాగా నచ్చిన సంగతి అదే. కట్టె సెల్లు తీసేసి మామూలు సెల్లు పెడితే మళ్లీ పాత రేడియోనే.

ఒక జాగ్రత్త. గడియారం, చిన్న దీపం లాంటివి కలిపి ఉన్న కొన్ని రేడియోల్లో మధ్య రేకు నుంచి కూడా ఒక తీగ వెళుతుంది, 3 వోల్టులు విడిగా తీసుకోవడానికి. అలాంటప్పుడు కట్టె సెల్లు పెడితే సగం పనిచేస్తుంది, సగం పనిచేయదు. దాన్ని బాగుచేసేవాళ్లకి చూపించండి.

సెల్లూ అడాప్టరూ ఒకేసారి కలపొద్దు

సాకెట్ ఉన్న వస్తువుల్లో పిన్ను దూర్చగానే సెల్ల దారిని విడదీసే చిన్న రేకు లోపల ఉంటుంది. మీరే సొంతంగా తీగలు తెచ్చి సెల్లున్న పెట్టెకి అడాప్టర్ కలిపితే ఆ విడదీసే ఏర్పాటు ఉండదు. అడాప్టర్ మామూలు సెల్లలోకి కరెంటు ఎక్కిస్తుంది. అవి చార్జింగ్ కావు, వేడెక్కి కారతాయి, పగలనూ వచ్చు. కట్టె సెల్ల పద్ధతి నాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం. అవి ఉన్నంతసేపు అసలు సెల్లకి చోటే ఉండదు.

"అడాప్టర్ తీసేశాక సెల్లతో పలకడం లేదు" అని వచ్చే రేడియోలు చాలా ఉన్నాయి. ఆ విడదీసే రేకు తుప్పుపట్టో వంగిపోయో వెనక్కి రాకపోవడమే కారణం. పిన్ను పదిసార్లు పెట్టి తీస్తే ఒక్కోసారి దారికొస్తుంది. రాకపోతే సాకెట్ మార్చాలి, చిన్న పని.

గుంయ్ మని చప్పుడు వస్తే

అడాప్టర్ పెట్టాక రేడియోలో రెండు రకాల చప్పుళ్లు రావొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ రకమైతే కిందిస్థాయిలో గుంయ్ మని ఒకే శ్రుతిలో వస్తుంది. లోపలి కెపాసిటర్ చిన్నదైనా, పాతదైనా అలా అవుతుంది. 470 మైక్రోఫారడ్ (కెపాసిటర్ కొలత) ఉన్నచోట 2200 వేస్తే చాలావరకు పోతుంది. ఎస్ఎంపీఎస్ రకమైతే మీడియం వేవ్ మీద జర్రున రొద వస్తుంది. అది లోపల సెకనుకి వేలసార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది కదా, ఆ అలజడి మీడియం వేవ్ మీద పడుతుంది. ఎఫ్ఎంలో పెద్దగా తెలియదు. మన వైపు మీడియం వేవ్‌లో విశాఖపట్నం, జయపురం కేంద్రాలు పట్టుకోవాలనుకునేవాళ్లకి మాత్రం ఇది పెద్ద బాధే.

ముందు అడాప్టర్‌ని రేడియోకి వీలైనంత దూరంలో ఉన్న ప్లగ్గులో పెట్టి చూడండి. తీగని రేడియో చుట్టూ చుట్టకండి. అప్పటికీ తగ్గకపోతే మంచి ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ 9 వోల్టులది తీసుకుని, దాని తర్వాత 7806 అనే మూడు కాళ్ల ఐసీ వేయించండి. లోపలికి కనీసం 8 వోల్టులు వస్తుంటే చాలు, బయటికి కచ్చితంగా 6 ఇస్తుంది. ముందు 0.33, వెనక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. రేడియో లాగేది తక్కువ కాబట్టి ఐసీ పెద్దగా వేడెక్కదు. మీడియం వేవ్ వినేవాళ్లకి నేను చేసిచ్చేది ఇదే, సెల్లతో విన్నట్టే ఉంటుంది.

మీ 12 వోల్టుల అడాప్టర్ పారేయకండి

మధ్యలో వోల్టులు తగ్గించే మాడ్యూల్ పెడితే అది పనికొస్తుంది. ఎల్ఎం2596 మాడ్యూల్ అని అడగండి, అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉంటుంది. ఒక వైపు 12 ఇస్తే రెండో వైపు మనకి కావలసినంత తీసుకోవచ్చు. మీద నీలం రంగు చిన్న డబ్బా, దానికి ఇత్తడి మర ఉంటుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ మర తిప్పుతూ మీటర్‌లో 6.0 వచ్చేదాకా చూడాలి. కొత్తదాన్ని మొదట పది పన్నెండు చుట్లు తిప్పినా అంకె కదలకపోవచ్చు. పాడైందనుకోకండి, అదే దిక్కులో తిప్పుతూ ఉండండి, ఒకచోట నుంచి దిగడం మొదలవుతుంది. 6కి తెచ్చాకే రేడియోకి కలపండి, ముందు కలిపి తర్వాత తిప్పొద్దు. సరిచేశాక ఆ మర మీద ఒక చుక్క గోళ్లరంగు వేయండి, ఇక కదలదు.

రెసిస్టర్లు (కరెంటుని అడ్డుకునే చిన్న భాగాలు) వేసి 12ని 6 చేయొచ్చని కొందరు చెబుతారు. రేడియో గట్టిగా పలికినప్పుడు ఒక రకంగా, మెల్లగా పలికినప్పుడు ఒక రకంగా లాగుతుంది. లాగుడు మారినప్పుడల్లా రెసిస్టర్ తర్వాత వోల్టులు మారిపోతాయి. రేడియో చాలా తక్కువ లాగుతున్నప్పుడు 6 దాటి బాగా పైకి వెళ్లిపోవచ్చు. అది చేయకండి.

బీపీ మిషన్ గురించి విడిగా

ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. రేడియో పోతే బాగుచేయొచ్చు. బీపీ మిషన్ చూపించే అంకెని బట్టి డాక్టరుగారు మీ అమ్మగారి మాత్ర మారుస్తారు. వోల్టులు ఊగుతుంటే పంపు మధ్యలో ఆగి ఎర్రర్ చూపించవచ్చు, ఎక్కించడానికి ఎక్కువసేపు తీసుకోవచ్చు. అప్పుడు వచ్చే అంకె మీద నాకు నమ్మకం ఉండదు. పైగా చేతికి పట్టీ కట్టుకుని కూర్చునే వస్తువు అది. అడాప్టర్‌లో ఇన్సులేషన్ బాగుండాలి.

మిషన్ పక్కనో వెనకో సాకెట్ దగ్గర ఏం రాసి ఉందో చూడండి. కొన్నిటికి గుండ్రటి సాకెట్, 6 వోల్టులు. కొత్తవాటిలో కొన్నిటికి మొబైల్ లాంటి యూఎస్‌బీ సాకెట్, 5 వోల్టులు. యూఎస్‌బీ అయితే మంచి మొబైల్ చార్జర్ చాలు. గుండ్రటిదైతే ఆ మోడల్ నంబరు చెప్పి అడాప్టర్ కొనండి. సాకెట్ లేకపోతే చార్జింగ్ పెన్సిల్ సెల్లు వాడొచ్చో లేదో పుస్తకంలో చూసి, వాడొచ్చని ఉంటే నాలుగు సెల్లు, ఒక చార్జర్ కొనుక్కోండి. రోజుకి రెండుసార్లు చూసుకునే మిషన్‌కి అడాప్టర్ కన్నా అదే తేలిక అని నా అభిప్రాయం. బీపీ మిషన్‌కి కట్టె సెల్లు నేను ఎవరికీ చేసివ్వను, అడిగినా చేయను.

షాక్ సంగతి

చవక అడాప్టర్‌తో వోల్టులు తప్పు రావడం కన్నా పెద్ద ప్రమాదం ఇది. 230 వోల్టుల వైపుకీ 6 వోల్టుల వైపుకీ మధ్య అడ్డుగోడ సరిగా ఉండాలి. అది చెడితే 230 వోల్టులు నేరుగా రేడియో ఏరియల్ మీదకి వస్తాయి. ఒకసారి ఒకావిడ "ఏరియల్ లాగితే జుమ్మంటోంది" అని రేడియో తెచ్చింది. అడాప్టర్ విప్పితే లోపల రెండు వైపుల మధ్య అగ్గిపుల్ల మందం ఖాళీ కూడా లేదు, ఆ చోట బోర్డు నల్లగా మాడి ఉంది. తడి చేత్తో ముట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మంచి ఎస్ఎంపీఎస్‌లో కూడా లోహాన్ని తాకితే కొద్దిగా చీమ పాకినట్టు అనిపించవచ్చు, అది వేరు. కానీ సామాన్యులకి ఆ తేడా చెప్పడం కష్టం. జుమ్మన్నా, అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, లోపల నుంచి సన్నగా కీచుమన్నా తీసి పక్కన పడేయండి. కొనేటప్పుడు స్టిక్కర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. 2012లో తెచ్చిన ఉత్తర్వుతో ఇలాంటి అడాప్టర్లు చాలావాటికి ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. సంతలో నేల మీద పరిచి అమ్మేవాటి మీద చాలాసార్లు అది కనిపించదు. ఇరవై ముప్పై రూపాయలు ఎక్కువైనా గుర్తు ఉన్నదే తీసుకోండి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు పీకేయండి, ఆపడం కాదు, పీకడం.

ఏవి మార్చక్కర్లేదు

గోడ గడియారం, టీవీ రిమోట్. గడియారంలో ఒక్క సెల్లు ఏడాది దాకా వస్తుంది, దానికి గోడ మీద తీగ లాగడం దండగ.

సంతలో కూరగాయలవాళ్లు వాడే ఎలక్ట్రానిక్ కాటాల గురించి కూడా ఒకమాట. వాటిలో ఎక్కువగా ఉండేది లోపల బిగించిన 6 వోల్టుల చార్జింగ్ బ్యాటరీ. దానికి వచ్చే అడాప్టర్ నిజానికి చార్జర్. ఆ బ్యాటరీ నిండాలంటే దానికి 7 వోల్టుల పైన అందాలి. ఇంట్లో ఉన్న 6 వోల్టుల అడాప్టర్ పెడితే పూర్తిగా నిండదు, నెలల్లో బ్యాటరీ చచ్చిపోతుంది. మొబైల్ ఫోన్లలో, కొత్త రకం టార్చీల్లో ఉండే లిథియం బ్యాటరీ ఇంకా సున్నితం. దాని రెండు కొసలకీ అడాప్టర్ తీగలు నేరుగా ఎప్పుడూ కలపకండి. 4.2 వోల్టులు దాటితే నిప్పంటుకునే ప్రమాదం ఉన్న వస్తువు అది.

ఆఖరుగా ఒకటి. అడాప్టర్ పెట్టుకున్నాక సెల్లని పూర్తిగా మరిచిపోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన రాయగడ, గజపతి వైపు కూడా వాన ముంచెత్తింది. కరెంటు లేని ఆ రోజుల్లో సెల్ల రేడియో ఉన్నవాళ్ల ఇంటి ముందు జనం చేరారు, వార్తల కోసం. అడాప్టర్ వాడుతున్నప్పుడు సెల్లు రేడియోలో ఉంచకండి, నెలల తరబడి ఉంటే కారి రేకులు తినేస్తాయి. నాలుగు కొత్త సెల్లు కవరు విప్పకుండా రేడియో పక్కనే డబ్బాలో పెట్టండి.

రేడియో వెనక స్టిక్కర్, సెల్లపెట్టె లోపలి భాగం, బీపీ మిషన్ సాకెట్ పక్కన రాసింది, ఈ మూడింటి ఫొటోలు పెట్టండి. పిన్ను ఏ సైజు కావాలో, లోపలిది ప్లస్సో మైనస్సో చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ 12 వోల్టుల అడాప్టర్‌ని పక్కన పెట్టి ఉంచండి.